నిద్రపోయాను, మీరు నిద్రపోయి ఉంటే

మా వైపు పొద్దున్నే మనిషి ఎదురైతే "నిద్రపోయారా?" అని అడుగుతాం. "నిద్రపోయాం, మీరు నిద్రపోయి ఉంటే" అనేది జవాబు. మధ్యాహ్నం దాటితే "పొద్దు గడిచిందా?" అని అడిగితే "గడిచింది, మీకు గడిచి ఉంటే" అంటాం. ఆడవాళ్ళం అరచేతులు దోనెలా వంచి మెల్లగా చప్పట్లు కొడుతూ చెప్పాలి. పిల్లలైతే మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాలి. ఇంట్లో పీనుగ ఉన్నా ముందు ఈ మాటే, ఏడుపు తర్వాత. మా ఆయన పోయిన రోజు పరామర్శకి వచ్చిన మొదటి మనిషికి నేను "నిద్రపోయాను, మీరు నిద్రపోయి ఉంటే" అనే చెప్పాను. మర్యాద విషయంలో నన్ను వేలెత్తి చూపగల మనిషి సావే నదికి ఇవతల లేదని నాకు మహా గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది. నా కొంప మునిగితే నా ఖర్మ అనుకునేదాన్ని. మునిగింది పదకొండేళ్ళ పిల్లది.

నా పేరు ముచానెటా. "మీరే అలిసిపోతారు" అని దానర్థం. మా అమ్మ మీద చాడీలు చెప్పే ఇరుగుపొరుగుకి జవాబుగా మా నాన్న పెట్టిన పేరు. ఇప్పుడా పేరుతో పిలిచేవాళ్ళు లేరు, నా కొడుకు పేరు మీద ఊరందరికీ గారికాయి వాళ్ళమ్మనే. ఆరేళ్ళుగా మా చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల బాగోగులు చూసే పని చేస్తున్నాను. ఒక సైకిలు, ఒక నీలం చొక్కా, ఒక రిజిస్టరు ఇచ్చారు. తల్లీతండ్రీ లేని పిల్లలు, బడి మానేసినవాళ్ళు, దెబ్బలు తినేవాళ్ళు ఉన్న ఇళ్ళకి పదిహేను రోజులకోసారి వెళ్ళి, పేరు పక్కన ఎలా ఉన్నారో రాయాలి. మగవాళ్ళు నన్ను పిల్లల పోలీసు అని ఆటపట్టించేవారు. నా సైకిలు బెల్లు వినపడితే చాలు, పరిగెత్తండ్రోయ్, గారికాయి వాళ్ళమ్మ బేడీలు తెస్తోంది అనేవారు. పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల గర్వంగానే ఉండేది.

జిల్లా ఆఫీసు నుంచి మిస్ గుంబో అనే అమ్మాయి వచ్చి మాకు శిక్షణ ఇచ్చింది. నా కూతురి వయసుంటుంది. పిల్లల్ని పెద్దవాళ్ళ ముందు అడగొద్దు, పక్కకి తీసుకెళ్ళి విడిగా అడగండి, ఏమిటి అని ఒకసారి అడిగితే ఎందుకు అని రెండుసార్లు అడగండి అని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మా పల్లెల్లో ఎవరి పిల్లనైనా గుడిసె వెనక్కి తీసుకెళ్ళి గుసగుసలాడితే, సాయంత్రానికల్లా నేను మంత్రగత్తెనని ఊరంతా పాకుతుంది. టీలో మూడు చెంచాల పంచదార వేసుకుని ఆ మాట హాయిగా పెడచెవిన పెట్టాను.

షువాయి నా రిజిస్టరులో తొమ్మిదో పేరు. తల్లి జబ్బుతో పోయింది. తండ్రి పనికని జొహానెస్‌బర్గ్ వెళ్ళి నాలుగేళ్ళయింది, కబురు లేదు. పెదనాన్న ఇంట్లో పెరుగుతోంది. ఆ ఇంటివాళ్ళదీ మా పుట్టింటివాళ్ళదీ ఒకే గోత్రం, కోతి గోత్రం. ఆ లెక్కన షువాయి తండ్రి నాకు తమ్ముడు, నేను దానికి మేనత్తని. మాలో ఆడపిల్ల కష్టసుఖాలు తల్లికైనా చెప్పుకోదు, మేనత్తకి చెప్పుకుంటుంది. వినడం మేనత్త పని. ఇది నాకు తెలియని సంగతి కాదు. నా పెళ్ళికి ముందు నా గోడు మొత్తం మా మేనత్తే వింది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మొక్కజొన్న కంకి కట్టకముందే చేలో మాడిపోయింది. జనం బావోబాబ్ చెట్ల కాయలు కొట్టి ఆ గుజ్జుని నీళ్ళలో కలుపుకుని రోజుకో పూట గడిపారు. సంకటి వండిన ఇంటి పొగ చూసి పక్కింటి పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడేవారు. అలాంటి రోజుల్లో, ఒక గురువారం పొద్దున్న, నేను షువాయి వాళ్ళింటికి వెళ్ళాను.

వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు వేరుశనగకాయలు ఒలుస్తున్నారు. ఊరి పెద్ద భార్య కూడా ఉంది, దాంతో నేను కాస్త బిగుసుకుని నడిచాను. షువాయి నన్ను చూసి పరిగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. చప్పట్లు కొట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగేమో అనుకున్నాను.

"నిద్రపోయావా, కోడలా?" అన్నాను.

"నిద్రపోలేదు అత్తా."

ఒలిచే చేతులు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఊరి పెద్ద భార్య నా వంక చూసి, మేనత్త నేర్పిన చదువు బాగుంది అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏంటే ఆ జవాబు? పెద్దవాళ్ళడిగితే ఇలాగేనా చెప్పేది? చదువుకుంటే మర్యాద మర్చిపోవాలా? సరిగ్గా చెప్పు. మళ్ళీ చెప్పు."

పిల్ల ఒక క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత తల దించుకుని, అరచేతులు వంచి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పింది.

"నిద్రపోయాను అత్తా, మీరు నిద్రపోయి ఉంటే."

నేనూ నిద్రపోయానని చెప్పి, రిజిస్టరు తీసి, తొమ్మిదో పేరు పక్కన "బాగుంది" అని రాశాను. ఆడవాళ్ళు పెట్టిన వేరుశనగ గింజలు నాలుగు నోట్లో వేసుకుని సైకిలెక్కాను. వెనక్కి తిరిగి చూశానా అంటే చూడలేదు.

పదిహేను రోజుల తర్వాత వెళ్తే షువాయి లేదు. వాళ్ళమ్మ వైపువాళ్ళు ముతారే దగ్గర ఉన్నారని, వచ్చి తీసుకెళ్ళారని దాని పెద్దమ్మ చెప్పింది. చెబుతూ నా వంక చూడలేదు, పొయ్యిలో కట్టెలు సర్దుతూనే ఉంది. గుడిసెలో మూలగా కొత్త మొక్కజొన్న పిండి బస్తా ఉంది, ఇంకా మూతి కూడా విప్పలేదు. ఊరంతా బావోబాబ్ గుజ్జు తాగుతుంటే ఆ ఇంట్లో బస్తా పిండి ఎక్కణ్ణించి వచ్చిందని నాకు తట్టాలి. నాకు తట్టింది ఏమిటంటే, పోనీలే, ఈ ఇంట్లో పిల్లలు ఈ నెల కడుపునిండా తింటారు అని. "బంధువుల ఇంటికి వెళ్ళింది" అని రాసి, కింద గీత గీశాను.

నాలుగు నెలలు ఆ గీత అలాగే ఉంది.

తర్వాత నా సైకిలు ట్యూబు చిరిగింది. మా దగ్గర దొరక్క, బంగారం తవ్వేవాళ్ళుండే గని ఊరికి బస్సులో వెళ్ళాను. అక్కడ ఎస్నాత్ అనే ఆవిడ కొట్టు పెద్దది, సబ్బు నుంచి సైకిలు సామాను దాకా అన్నీ దొరుకుతాయి. కొట్టు పక్కనే ఇల్లు. అరుగు మీద ఒక పిల్ల వీపున పసిబిడ్డని కట్టుకుని, నాకు ఎడమ చెంప కనపడేలా కూర్చుని గిన్నెలు తోముతోంది. పొద్దు గడిచిందా అమ్మాయీ అని పలకరించాను. ఉలకలేదు పలకలేదు. ఇంకోసారి గట్టిగా అడిగాను. ఊహూఁ. నాకు ఒళ్ళు మండింది. ఈ గని ఊళ్ళో పెరిగే పిల్లలకి కళ్ళు నెత్తికెక్కుతాయి, ఎదురుగా పెద్దమనిషి నిలబడితే పలకరింపుకి జవాబు చెప్పేంత మర్యాద కూడా లేదు, అని పైకే అన్నాను. తిట్టడానికి ముందుకి అడుగేశాను. అప్పుడు నా నీడ గిన్నె మీద పడి ఆ పిల్ల తల తిప్పింది.

షువాయి. సగానికి సగం అయిపోయింది. గబగబా గిన్నె వదిలేసి, బిడ్డ జారకుండా ఒక చేత్తో పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని కుడి చెవి నా వైపు పెట్టింది.  అయినా నా నోటికి వచ్చింది అలవాటు పడ్డ మాటే. పొద్దు గడిచిందా కోడలా, అన్నాను.

"గడిచింది అత్తా, మీకు గడిచి ఉంటే."

ఎంత ముద్దుగా చెప్పిందో. నేను నేర్పినట్టే చెప్పింది.

ఎస్నాత్ బయటికొచ్చి నన్ను లోపల కూర్చోబెట్టింది. పిల్ల పెద్దమ్మే స్వయంగా తెచ్చి అప్పజెప్పిందని, నెలకో బస్తా పిండి పంపుతున్నానని, వచ్చే ఏడు బడిలో వేస్తానని చెప్పింది. చాలా మర్యాదస్తురాలు. నారింజ షర్బత్ ఇచ్చింది.  ఆ షర్బత్ తాగాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. అరుగు మీద ఆ పిల్ల గిన్నెలు తోముతుంటే నేను లోపల కుర్చీలో కూర్చుని గ్లాసు ఖాళీ చేశాను. మీ ఇంట్లో జనం ఎక్కువైతే జొహానెస్‌బర్గ్‌లో మా చెల్లెలికి కూడా ఇలాంటి పిల్ల కావాలిట అని నవ్వుతూ ఎస్నాత్ అంటే నేనూ నవ్వాను.

బస్సెక్కి తిన్నగా జిల్లా ఆఫీసుకి వెళ్ళి మిస్ గుంబోకి అంతా చెప్పాను. "నిద్రపోలేదు" అన్న మాటతో మొదలుపెట్టి, బస్తా పిండి, గీత, అన్నీ. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. రిజిస్టరు తీసుకుని ఆ పేజీ చదివి, మూసి నా చేతికిచ్చింది. రేపు పొద్దున్నే వెళ్దాం, మీరూ రండి అంది.

మర్నాడు మిస్ గుంబో, ఒక మహిళా కానిస్టేబులు, నేను వెళ్ళాం. వెనక గదిలో రెండు సంచులు సర్ది ఉన్నాయి. ఒకదాంట్లోంచి షువాయి పాత బడి గౌను అంచు కనిపిస్తోంది. తను నా ముందు చెల్లెలి మాట తెచ్చి నోరు జారిందని ఎస్నాత్‌కి తెలిసినట్టే ఉంది. సాయంత్రం సరిహద్దు వైపు బస్సుంది. మిస్ గుంబో ఎస్నాత్‌ని బయట కూర్చోమంది. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడింది, నా ఇంట్లో నేను ఎక్కడైనా నిలబడతాను అంది.

మిస్ గుంబో నేల మీద కూర్చుని పిల్లని మెల్లగా అడిగింది. ఇక్కడ బాగుందా అంటే బాగుంది అంది. ఎవరైనా కొడుతున్నారా అంటే లేదంది. అన్నం తింటున్నావా అంటే, "తింటున్నాను, మీరు తిని ఉంటే" అంది. కానిస్టేబులు మొహం పక్కకి తిప్పుకుంది.

మిస్ గుంబో లేచి నా దగ్గరికి వచ్చి తగ్గు గొంతుతో చెప్పింది. పెద్దమ్మ ఇష్టపడి పంపింది, పిల్ల బాగున్నానంటోంది. దాని నోటి నుంచి ఒక్కమాట వస్తే ఈ నిమిషమే తీసుకెళ్తాను. లేకపోతే కోర్టు కాగితం కావాలి, అది సోమవారానికి గానీ రాదు. సోమవారానికి ఆ పిల్ల ఎక్కడుంటుందో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

పిల్ల ఎందుకు నోరు విప్పడం లేదో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. నిజం చెబితే నలుగురూ నవ్వుతారని, మేనత్త తిడుతుందని, మళ్ళీ సరిగ్గా చెప్పమంటుందని నేనే నేర్పాను. నేను కట్టిన ముడి నేనే విప్పాలి.

వెళ్ళి షువాయి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. యాభై నాలుగేళ్ళ మనిషిని, మేనత్తని. మా వైపు పెద్దవాళ్ళెవరూ అలా చెయ్యరు. గుమ్మంలో ఎస్నాత్ నవ్వింది. పిల్ల భయపడి వెనక్కి జరిగింది. అరచేతులు దోనెలా వంచి చప్పట్లు కొట్టాను, చిన్నపిల్లలు కొట్టినట్టు.

"కోడలా, నువ్వు నన్నడుగు. నిద్రపోయారా అని అడుగు."

అడగలేదు. వీపు మీద బిడ్డ కదిలితే జోకొడుతూ నేల చూపులు చూసింది. నా మోకాళ్ళు నొప్పి పుట్టాయి. కదల్లేదు. చప్పట్లు కొడుతూనే ఉన్నాను.

"నిద్రపోయారా అత్తా?" అంది చివరికి, వినీ వినపడనట్టు.

"నిద్రపోలేదు."

తల ఎత్తింది. నన్ను, నా వంచిన అరచేతుల్ని, నా నీలం చొక్కాని చూసింది. ఏదో తప్పు దొర్లిందని, ఎవరైనా సరిదిద్దుతారేమోనని గుమ్మం వైపు చూసింది. ఎవరూ సరిదిద్దలేదు.

"ఎందుకని?" అంది.

అంత చిన్న మాట. ఆరేళ్ళు సైకిలు తొక్కి, రెండు శిక్షణలు విని, నాకు నోరు తిరగని మాట.

"ఆ రోజు నువ్వు నాకు నిజం చెప్పావు. నలుగుర్లో నా పరువు పోతుందని నీ నోరు మూయించా. నీకు మర్యాద తెలీక కాదమ్మా, నాకు బుద్ధి లేక. అప్పుడే అడగాల్సింది, ఇప్పుడడుగుతున్నా. ఎందుకు నిద్రపోలేదే ఆ రాత్రి?"

షువాయి వీపు మీది బిడ్డ ముడి సర్దుకుంది. తర్వాత, పాఠం అప్పజెప్పినట్టు, ఏడవకుండా చెప్పింది.

"గోడవతల పెద్దమ్మా పెదనాన్నా మాట్లాడుకుంటుంటే విన్నా. ఆదివారం నన్ను పంపించేద్దామని. పెద్దమ్మ ఏడ్చింది కూడా. తెల్లారితే మీరొచ్చే గురువారం. మీకు చెబితే ఆపుతారనుకున్నా." బిడ్డని జోకొడుతూ, "మీరు మళ్ళీ చెప్పమన్నారు. చెప్పా" అంది.

మిస్ గుంబో నెమ్మదిగా దాని ఎడమ చెవి చూపించి, ఇదెప్పుడు అయింది అని అడిగింది.

"బిడ్డ ఏడ్చినప్పుడు. నాకు మెలకువ రాలేదు." నా వైపు తిరిగింది. "ఇక్కడ బాగానే నిద్రపోయేదాన్ని అత్తా. అందుకే కొట్టింది."

ఎస్నాత్ నవ్వు ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. కానిస్టేబులు పిల్ల వీపు మీద ముడి విప్పి, ఆ బిడ్డని ఎత్తుకెళ్ళి వాళ్ళమ్మ ఎస్నాత్ చేతికిచ్చింది. సంచి నేను పట్టుకున్నాను. జీపులో షువాయి నాకు కుడి వైపు కూర్చుంది, దాంతో దారంతా నేను మాట్లాడింది దానికి వినపడలేదు. ఆ సంగతి ఇల్లు చేరాక తెలిసింది. బహుశా ఒకందుకు మంచిదే, దారంతా నేను అన్నది క్షమించమనే.

ఎస్నాత్ మీద కేసు నడుస్తోంది. చెవికి ఇక చేసేదేం లేదని హరారేలో డాక్టరు చెప్పాడు. షువాయి నా దగ్గరే ఉంటోంది, మళ్ళీ బడికి వెళ్తోంది, ముందు బెంచీలో ఎడమ చివర కూర్చుంటుంది. దాని పెద్దమ్మ ఒకసారి వచ్చి మా కంచె బయట సాయంత్రం దాకా కూర్చుని, లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. ఊళ్ళోవాళ్ళు ఆవిడ మీద దుమ్మెత్తిపోశారు. నేను పోయలేకపోయాను. ఆవిడకి ఆకలి ఉంది, అయిదుగురు పిల్లలున్నారు. నాకేముంది చెప్పుకోడానికి? కడుపు నిండా టీ తాగి, చేతిలో కలం పెట్టుకుని ఉన్నాను. రిజిస్టరు తిరిగి ఇచ్చేస్తానంటే మిస్ గుంబో తీసుకోలేదు. ఇప్పుడే మీరు ఈ పనికి పనికొస్తారు అంది. ఓదార్పుకి అందో, శిక్షగా అందో అడగలేదు.

అది మా ఇంటికి వచ్చిన రోజు నుంచి ప్రతి పొద్దున్నా కుడి వైపు నుంచి వెళ్ళి షువాయిని పలకరించేదాన్ని. నిద్రపోయాను అత్తా, మీరు నిద్రపోయి ఉంటే, అని మోకాళ్ళ మీద కూర్చుని చెప్పేది. ఒక్కరోజు తప్పలేదు. వినేవాళ్ళంతా ఎంత మర్యాద, ఎంత పెంపకం అని మెచ్చుకునేవారు. నాకు మటుకు ఒకటే ప్రశ్న. నిజంగా నిద్రపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? రోజుకోసారి నా పాఠం నాకే అప్పజెబుతోంది. ఎందుకని అని అడగడానికి అది నాకు సందు ఇవ్వలేదు. ఎనిమిది నెలలు ఇవ్వలేదు.

మొన్న వానలు బాగా పడ్డాయి. మా వాకిట్లో ఆడవాళ్ళు కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తున్నారు. ఊరి పెద్ద భార్య కూడా ఉంది. నేను రిజిస్టరు చంకలో పెట్టుకుని సైకిలు బయటికి తీస్తూ, అలవాటుగా కుడి వైపుకి వెళ్ళి అడిగాను.

"నిద్రపోయావా, కోడలా?"

షువాయి మోకాళ్ళ మీద కూర్చోలేదు. చేతిలో కాయ ఒలుస్తూనే, నా వంక చూడకుండా అంది.

"నిద్రపోలేదు."

ఒలిచే చేతులన్నీ ఆగాయి. ఊరి పెద్ద భార్య నోరు తెరిచి, నా మొహం చూసి మూసుకుంది. నేను సైకిలు వదిలేశాను, అది కంచె మీద పడింది. వెళ్ళి పిల్ల పక్కన మట్టిలో కూర్చున్నాను. 

"ఎందుకని?"

అది తల తిప్పి నన్ను చూసింది. మెడ మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు చూపించింది.

"దోమలు అత్తా," అంది. ఇంకో కాయ పగలగొట్టి గింజలు నా అరచేతిలో పోసింది. "రాసుకో."

ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు, అదీ నవ్వింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. రిజిస్టరు తీసి, తొమ్మిదో పేరు పక్కన, "నిద్రపోలేదు, దోమలు" అని రాసుకున్నాను.